అపస్వరం నవ్వించాలంటే ముందు సరైన స్వరం వినిపించాలి

మీ ప్రశ్న ఇది. యాభయ్యేళ్ల బ్యాంకు ఉద్యోగి వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెడతాడు. ఇంట్లో భార్య, తల్లి, ఇంటర్ చదివే కూతురు. పదిహేను నిమిషాల రేడియో హాస్య నాటిక. కాగితం మీద చదివినవాళ్లంతా నవ్వారు. ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే ఒక్కరూ నవ్వలేదు, పైగా ‘ఆ కీచు భరించలేకపోయాం, ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు’ అన్నారు. తప్పు రాతలో ఉందా, రికార్డింగులో ఉందా?

రెండింట్లోనూ ఉంది. ముందు రాత సంగతి చూద్దాం.

‘నాన్న వయొలిన్ మీద అపస్వరం పలికిస్తాడు’ అని చదివినవాళ్లు తమకు సరిపడా అపస్వరం మనసులోనే ఊహించుకుని నవ్వుకుంటారు. రేడియోలో ఆ వీలు లేదు, అది నిజంగా చెవిలో పడుతుంది. కీచుమనే చప్పుడు చప్పుడే తప్ప హాస్యం కాదు. అది హాస్యం కావాలంటే అక్కడ రావలసిన స్వరమేమిటో శ్రోతకు ముందే తెలియాలి. ఆ తప్పు విన్న మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి, ఆ మనిషి ఏదో ఒకటి అనడమో, అనబోయి ఆగడమో మనకు వినిపించాలి. మీ స్క్రిప్టులో ఈ రెండూ లేవు. నాన్న వాయిస్తాడు, అందరూ చెవులు మూసుకుంటారు. చెవులు మూసుకోవడం రేడియోలో కనపడదు కదా.

కాబట్టి మొదటి నిమిషంలోనే సరైన ‘స రి గ మ ప ద ని స’ ఒక్కసారి స్పష్టంగా వినిపించండి. గురువుగారు ఫోన్‌కు పంపిన పాఠం అనుకోవచ్చు, ఎనిమిది సెకన్లు చాలు. కింద శ్రుతిపెట్టె (ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించేది) మోగుతూనే ఉండాలి. శ్రుతి లేకుండా వాయిస్తే సంగీతం రాని శ్రోతకు ఏది తప్పో, ఏది ఒప్పో తేల్చుకునే ఆధారం ఉండదు. శ్రుతి ఉంటే అక్షరమ్ముక్క రాని చెవి కూడా ‘ఇక్కడేదో ఒరుసుకుంటోంది’ అని పట్టేస్తుంది.

ఇక తప్పు ఎలా ఉండాలన్నది. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో మొదలుపెడతారు: శుద్ధ రిషభం (రి), అంతర గాంధారం (గ), శుద్ధ మధ్యమం (మ), శుద్ధ ధైవతం (ద), కాకలి నిషాదం (ని). మీ నాన్న పాత్ర రిషభాన్ని పైకి జరిపి చతుశ్రుతి రిషభం (దాని పై మెట్టు ‘రి’) మీద కచ్చితంగా ఆపాడనుకోండి, అది సరసాంగి రాగం అవుతుంది. ధైవతాన్నీ అలాగే జరిపితే శంకరాభరణం. రెండూ చక్కటి మేళకర్తలే (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాలు), మామూలు శ్రోతకు అందులో తప్పేమీ వినబడదు. మీరు పెట్టిన అపస్వరాల్లో సగం నవ్వు తెప్పించకపోవడానికి ఇదే కారణం కావచ్చు. తప్పు స్వరం ఇంకో స్వరస్థానం మీద వాలకూడదు, రెండింటి నడుమ వేలాడాలి. పూర్తి సైజు వయొలిన్ తీగ వాయించే నిడివి 33 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. శుద్ధ రిషభం నుంచి చతుశ్రుతి రిషభానికి దూరం సుమారు 17 మిల్లీమీటర్లు. వేలు బ్రిడ్జ్ (తీగలు ఆనే చెక్క) వైపు 9 మిల్లీమీటర్లు జరిపి ఆపితే మీకు కావలసిన బాధ సరిగ్గా అక్కడ ఉంటుంది.

ఈ పని నేర్చుకుంటున్నవాళ్లతో చేయించకండి. వాళ్లు ఒకే తప్పును రెండు టేకుల్లో ఒకేలా చేయలేరు. పదేళ్లు వాయించిన వయొలినిస్టును అడగండి, ‘రిషభం 9 మిల్లీమీటర్లు ఎక్కువ, కమాను (తీగల మీద లాగే కర్ర) బిగబట్టి’ అంటే పదిసార్లైనా అదే పలికిస్తారు. కీచుకు కూడా కారణాలున్నాయి. కమానును మెల్లగా లాగుతూ ఎక్కువ బరువు వేస్తే గీరుతుంది. బ్రిడ్జ్‌కు మరీ దగ్గరగా, వంకరగా లాగితే, ముఖ్యంగా సన్నటి తీగ మీద, ఈలలా అరుస్తుంది. ఈ రెండూ వేర్వేరు శబ్దాలు. ఒక సన్నివేశానికి ఒకటే వాడండి.

మన పద్ధతిలో వయొలిన్ తీగలు స-ప-స-ప అని కడతారు. సరళీ స్వరాలు వాయించేటప్పుడు ‘స’ ఒక తీగ మీద, ‘ప’ పక్క తీగ మీద, రెండూ వేలు పెట్టకుండానే వస్తాయి. తీగలు శ్రుతిలో ఉంటే ఆ రెండూ ఎంత కొత్తవాళ్లకైనా తప్పవు. అంటే మీ నాన్న పాత్ర స్వరావళి సహజంగా ఇలా నడుస్తుంది: ‘స’ బాగుంటుంది, ‘రి గ మ’ మూడూ గల్లంతు, ‘ప’ దగ్గర హఠాత్తుగా అంతా సవ్యం, మళ్లీ ‘ద ని’ గల్లంతు. ‘ప’ రాగానే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. హాస్యానికి ఇంతకంటే మంచి లయ కష్టపడి కల్పించినా దొరకదు, వాయిద్యమే ఇస్తోంది. మీరిప్పుడు రాసినట్టు ఎనిమిది స్వరాలూ తప్పుగా వాయిస్తే తెలిసినవాళ్లు ‘ఇది అబద్ధం’ అనుకుంటారు, తెలియనివాళ్లు విసుక్కుంటారు.

వ్యవధి విషయంలో గట్టిగా ఉండండి. మొదటిసారి అపస్వరం పది, పన్నెండు సెకన్లు వినిపించవచ్చు. ఆ తర్వాత మూసిన తలుపు వెనక తప్ప ఎక్కడా ఐదు సెకన్లు దాటకూడదు. మూడోసారి నుంచి కమాను తీగ మీద ఆనిన చప్పుడు ఒక్కటి చాలు. శ్రోత మిగతాది తనే వినేస్తాడు. మీ రికార్డింగులో ఒకచోట నలభై సెకన్లుంది. అక్కడే అందరూ లేచిపోయి ఉంటారు.

ఇంటివాళ్ల మాటల్లో పిల్లి, గాడిద, తుప్పుపట్టిన గేటు పోలికలన్నీ తీసేయండి. అవి ఎవరైనా అనేవే. నెల రోజులుగా రోజూ ఈ చప్పుడు వింటున్న ఇల్లు దాన్ని తిట్టడం మానేసి, దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. ఆ అలవాటులోంచి మాట రావాలి. ఉదాహరణకు ఇలా:

(పోపు చిటపట. మూసిన తలుపు వెనక శ్రుతి, దాని మీద వయొలిన్: స... రి...)

బామ్మ: వరలక్ష్మీ, రిషభం అయిందా?

భార్య: ఇంకా లేదత్తయ్యా. రెండుసార్లు ప్రయత్నించారు.

బామ్మ: అయితే కుక్కర్ ఇంకో విజిల్ రానీ.

(గడియ తీసిన చప్పుడు. వయొలిన్ ఒక్కసారిగా స్పష్టంగా: రి... ఆగుతుంది.)

నాన్న: (దగ్గరికొస్తూ) వచ్చింది! విన్నావా? ఈసారి వచ్చింది కదూ?

(మూడు సెకన్లు పోపు చప్పుడు మాత్రమే.)

భార్య: దార్లో ఉందండీ.

బామ్మ: దార్లో ఉంటే మూత తియ్యకే అమ్మాయ్.

(తలుపు మూసుకుంటుంది. గరిటె తిరుగుతూ ఉంటుంది. భార్య తనకు తెలియకుండానే ‘స... రి...’ అంటుంది, సరిగ్గా, మెల్లగా. గరిటె ఆగిపోతుంది.)

కూతురు: అమ్మా... ఇప్పుడన్నది నువ్వేనా?

భార్య: పోపు మాడుతోంది, తప్పుకో.

ఇందులో ఎవరూ వయొలిన్‌ను వెక్కిరించలేదు. వంట కొలతే రిషభం అయిపోయింది. అంతకంటే ముఖ్యం, సరైన స్వరం ఎవరి నోట వచ్చిందన్నది. ఇలాంటి నాటికకు నా దృష్టిలో ఇదే ప్రాణం. సరిగ్గా పాడగల మనిషి ఇంట్లో ఎవరో తేల్చుకోండి, మీ కథ అక్కడుంది. పెళ్లికి ముందు సరళీ స్వరాలు దాటి గీతాలు, వర్ణాలనే పై పాఠాల దాకా వచ్చి, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా నోరు మెదపని భార్య అయితే పదిహేను నిమిషాలకు సరిపడా బరువు దానంతటదే వస్తుంది. గురువుగారొక్కరే సరైన స్వరం పలికితే అది పాఠంగానే మిగిలిపోతుంది.

ఆ మూడు సెకన్ల పోపు చప్పుడును ఎడిటింగులో కత్తిరించకండి. స్టూడియోలో ప్రేక్షకులుండరు, నవ్వే చోటు మీరే వదలాలి. మామూలు చమత్కారం తర్వాత ముప్పావు సెకను, పెద్దదాని తర్వాత ఒకటిన్నర. ఆ ఖాళీలో మరీ నిశ్శబ్దం ఉండకూడదు, ఇంటి చప్పుడు సాగుతూ ఉండాలి. లేకపోతే ప్రసారం ఆగిపోయిందనుకుంటారు.

మధ్యలో కథ మలుపు తిరగడానికి ఒక సంఘటన కావాలి. మీరు పెట్టిన ‘పక్కింటాయన ఫిర్యాదు’ బలహీనంగా ఉంది. వయొలిన్ లోపలే ఇంకా మంచిది ఉంది, రోజిన్. కమాను వెంట్రుకలకు రోజిన్ రుద్దకపోతే తీగ పట్టు దొరకదు, కమాను జారిపోతుంది, గుడ్డతో తుడిచినట్టు ‘స్స్’మంటుంది తప్ప స్వరం రాదు. రోజిన్ పైన్ చెట్టు జిగురు నుంచి చేస్తారు, గాజులా పెళుసు, చేయి జారితే ముక్కలవుతుంది. ఆ తేనెరంగు ముక్కలు చూడటానికి అచ్చం సాంబ్రాణే. బామ్మ వాటిని ఏరి సాంబ్రాణి డబ్బాలో వేసి, శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద చల్లిందనుకోండి. పొగ రేడియోలో కనపడదు కాబట్టి ముగ్గురి దగ్గు, కిటికీ రెక్కలు తెరిచే చప్పుడు, బామ్మ గంట మాత్రం ఆగకుండా మోగడం. కమానుకు ముందు రుద్దిన రోజిన్ అరిగిపోయాక ఒక ఉదయం నాన్న కూర్చుంటాడు, శ్రుతి మోగుతుంది, కాలితో తాళం వేస్తున్న చప్పుడు వినబడుతుంది, వయొలిన్ మాత్రం ‘స్స్... స్స్...’. ఇంట్లో మొదటిసారి ప్రశాంతత. ఎవరికీ అది నచ్చలేదని వాళ్ల మాటల్లో మెల్లగా తెలియాలి. బామ్మకు పప్పు ఎప్పుడు దించాలో తెలియడం లేదు.

కరెంటు పోయి శ్రుతిపెట్టె ఆగిపోవడం, తిరిగి వచ్చేసరికి నాన్న శ్రుతి తప్పిపోయి ఉండటం అని మీరు రాసిన ముక్క మాత్రం వయొలిన్‌కు పొసగదు. గాత్రమైతే నిజమే, శ్రుతి ఆగితే కొత్తగా పాడేవాళ్లు పైకో కిందికో జారిపోతారు. వయొలిన్‌లో తీగల శ్రుతి అలాగే ఉంటుంది కాబట్టి ‘స’ అక్కడే నిలుస్తుంది. ఆ ముక్క మీకు అంత ఇష్టమైతే నాయకుణ్ని పాటగాణ్ని చేయండి. హార్మోనియం మాత్రం వద్దు. మెట్లు ముందే శ్రుతి చేసి ఉంటాయి, తప్పు మెట్టు నొక్కినా స్వరం శుభ్రంగానే వస్తుంది, పైన చెప్పిన ‘నడుమ వేలాడటం’ దానికి కుదరదు. మృదంగం ఇంకో నాటికకు దాచుకోండి. ఎడమవైపు మూతకు బొంబాయిరవ్వ తడిపి ముద్ద పెట్టాలి, పొద్దున ఉప్మాకు రవ్వ ఎటు పోయిందన్న గొడవ ఒక్కటే పది నిమిషాలు నడుస్తుంది.

ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోవడం గురించి. పదిహేను నిమిషాలకు నాలుగు గొంతులు చాలు, ఒక సన్నివేశంలో ఒకేసారి మూడుకు మించవద్దు. మీ పాత్రల పేర్లు శాంత, సీత, శ్రీను. రేడియో మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది, స, శ, ష తేడాలు ముందుగా మాసిపోయేది అక్కడే. వరలక్ష్మి, గిరి, బుజ్జి లాంటి దూరదూరపు పేర్లు పెట్టండి. ప్రతి సన్నివేశంలో మొదటి మూడు మాటల్లో ప్రతివాళ్లనూ ఒకసారి పిలిపించండి. మన ఇళ్లలో పిలుపులే ఆ పని చేసిపెడతాయి: ‘ఏమండీ’, ‘ఒరే గిరీ’, ‘అత్తయ్యా’, ‘నాన్నా’. ముగ్గురూ ఆయన్ను మూడు రకాలుగా పిలుస్తుంటే ఎవరెవరో చెప్పే పని ఉండదు. గొంతుల ఎంపికలో ఎత్తుకంటే వేగం ముఖ్యం. బామ్మ నిదానం, కూతురు గబగబా, భార్య తక్కువ మాటలు, నాన్న వాక్యం మధ్యలో ఆగి మళ్లీ అందుకోవడం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన దగ్గర్నుంచి తెలుగు రేడియో నాటకాన్ని నిలబెట్టింది ఈ గొంతుల తేడాయే. నందూరి సుబ్బారావు గారి లాంటి నటులు నోరు తెరిస్తే పేరు చెప్పనక్కర్లేకపోయేది.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఫోన్ రికార్డర్లలో చాలావాటికి రెండు గుణాలుంటాయి. ఒకటి, పెద్ద శబ్దం వస్తే స్థాయి తనే తగ్గించి, నిశ్శబ్దం రాగానే తనే పెంచుతుంది. వయొలిన్ కీచుమన్న వెంటనే మీరు వదిలిన ఖాళీలో ఫ్యాను హోరు ఉప్పెనలా లేస్తుంది, నవ్వే చోటు కాస్తా చచ్చిపోతుంది. రెండోది, మాట కాని నిలకడ శబ్దాన్ని రొద అనుకుని తుడిచేస్తుంది. శ్రుతిపెట్టె సరిగ్గా అలాంటి శబ్దమే. మీ రికార్డింగులో శ్రుతి వచ్చి వచ్చి మాయమవుతోందంటే కారణం ఇదే. ఈ రెండింటినీ ఆపగల రికార్డింగ్ యాప్ వాడండి, లేదా చేతి రికార్డర్ ఒకటి అద్దెకు తెచ్చి స్థాయి చేత్తో పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాటలు ఎక్కడ గట్టిగా ఉన్నా మైనస్ 6 డెసిబెల్ దాటనివ్వకండి.

మాటలు, వయొలిన్, ఇంటి చప్పుళ్లు, మూడూ విడివిడిగా రికార్డు చేయండి. నటులు మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కగా మాట్లాడాలి, ‘ప’, ‘భ’ల ఊపిరి తిన్నగా మైకుకు తగలకూడదు. ‘దగ్గరికొస్తూ’ అన్నచోట నాలుగడుగుల వెనక, మొహం పక్కకు తిప్పి మాట మొదలుపెట్టి నడిచి రావాలి. స్థాయి మీట తిప్పి ఆ భ్రమ కల్పించలేరు, గదిలో ప్రతిధ్వని మారదు కాబట్టి అది తెలిసిపోతుంది. నటుల వెనక గోడలకు రెండు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. (ఫ్రిజ్ మళ్లీ వేయడం మరచిపోకుండా ఇంటి తాళంచెవి అందులోనే పెట్టండి.) వయొలిన్‌ను మూడడుగుల దూరం నుంచి తీసుకోండి.

తలుపు మీ చేతిలో ఉన్న గొప్ప పనిముట్టు. మూసిన తలుపు వెనక వయొలిన్ కావాలంటే పక్క గదిలో పెట్టి రికార్డు చేయకండి. స్పష్టంగా తీసుకున్నదాన్నే ఎడిటింగులో 1,500 హెర్ట్జ్ పైన కోసేసి, 10 డెసిబెల్ తగ్గించండి. గడియ చప్పుడు వినిపించిన క్షణంలోనే ఆ రెండూ ఎత్తేయండి. అరసెకను ఆలస్యమైనా తలుపు నమ్మశక్యంగా ఉండదు. ఇలా చేస్తే మాటల కింద అపస్వరం నిమిషాల తరబడి నడిచినా ఎవరికీ ఇబ్బంది ఉండదు, కావలసినప్పుడు తలుపు తీస్తారు.

స్క్రిప్టు నిడివిని పేజీలతో లెక్కపెట్టకండి. గడియారం పెట్టి, ఖాళీలతో సహా, పైకి చదవండి. టైటిల్ సంగీతం 20 సెకన్లు, చివర పేర్లకు ఇంకో 20 పోను మీ చేతిలో ఉండేది 14 నిమిషాల 20 సెకన్లు. మొదటి చదువులో 13 నిమిషాలకు వస్తే సరిపోయినట్టే, నటన తోడైతే ఆ తేడా నిండిపోతుంది. మీ చివరి సన్నివేశమైన త్యాగరాజ ఆరాధనకు త్యాగరాజ స్వామి కీర్తన వాడుకోవచ్చు, ఆయన 1847లో సిద్ధి పొందారు, రచనల మీద హక్కులెవరికీ లేవు. కానీ ఎవరో పాడిన రికార్డింగును అందులో కలపకండి, మన చట్టం ప్రకారం శబ్ద రికార్డింగుకు విడుదలైన తర్వాత 60 ఏళ్ల హక్కు ఉంటుంది. మీ వాళ్లతోనే పాడించండి.

చివరి సన్నివేశం తప్పకుండా మార్చాలి. త్యాగరాజ ఆరాధనలో నాన్న ఘనరాగ పంచరత్నాల గోష్ఠిలో (ఆయన ఐదు పెద్ద కృతులను అందరూ కలిసి పాడే, వాయించే బృందంలో) చేరి అద్భుతంగా వాయించేస్తాడని రాశారు. రెండు నెలల క్రితం సరళీ స్వరాలు మొదలుపెట్టిన మనిషికి అది అసాధ్యం, శ్రోత అంతవరకు నమ్మినదంతా కూలిపోతుంది. ఆయనకు నిజంగా వచ్చినవి రెండే, వేలు పెట్టనక్కర్లేని ‘స’, ‘ప’. ఆ రెండే వాయించనివ్వండి. ఇంట్లోనే, ఆరాధన నాటి ఉదయం. కరెంటు పోతుంది, శ్రుతిపెట్టె ఆగుతుంది. భార్య పాడటం మొదలుపెట్టి, శ్రుతి లేక ఆగిపోతుంది. నాన్న ఏమీ మాట్లాడకుండా ‘స’ మీద కమాను పెడతాడు, తర్వాత ‘ప’, నిదానంగా, బరువు వేయకుండా. మీకు నచ్చిన కరెంటు ముక్కకు ఇక్కడ చోటు దొరుకుతుంది. దీనికి ముందే ఎక్కడో ఒకచోట ఆమె శ్రుతికి తీగలు బిగించి ఉండాలి. మధ్యలో కూతురు గురువుగారి దగ్గరకు వయొలిన్ తీసుకెళ్లే రెండు వాక్యాలు పెట్టండి, లేకపోతే తెలిసినవాళ్లు పట్టేస్తారు.

ఆమె పాట పన్నెండు సెకన్లు సాగనిచ్చి, గొంతును మెల్లగా తగ్గించండి, వయొలిన్ ‘స’ మాత్రం తగ్గించకండి. అది ఒంటరిగా నాలుగు సెకన్లు నిలవాలి. తర్వాత దూరంగా, నాలుగడుగుల అవతల నుంచి, బామ్మ గొంతు: ‘వరలక్ష్మీ, ఇప్పుడు దించెయ్యనా?’ టైటిల్ సంగీతం ఆ ‘స’ మీదే, అదే శ్రుతిలో మొదలవ్వాలి. అందుకే టైటిల్ సంగీతాన్ని ముందు కాదు, పాట రికార్డు చేశాక, ఆమె శ్రుతి చూసుకుని చేయించండి.